ప్రైవేట్ ఈమెయిల్ లాగిన్: ఎంత సులువుగా ఉండాలి, ఎంత గట్టిగా ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రోటాన్ మెయిల్, టూటా లాంటి ప్రైవేట్ మెయిల్‌కి (ఉత్తరాల్ని కంపెనీ కూడా చదవలేకుండా తాళం వేసి ఉంచే సర్వీసులు) కొత్తగా మారినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "లాగిన్‌కి ఇంత తతంగం ఎందుకు?" అని. కొన్నాళ్ళు వాడాక అడిగేది వేరు: "ఫోన్ పోయింది, పాస్‌వర్డ్ గుర్తులేదు, ఇప్పుడేం చెయ్యాలి?" ఈ రెండో ప్రశ్న దాకా వచ్చేసరికి చాలాసార్లు చెయ్యగలిగింది ఏమీ మిగలదు. అందుకే రెండిటికీ ముందే జవాబులు రాస్తున్నాను. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: రోజూ తెరిచే చోట లాగిన్ సులువుగా ఉండాలి. కొత్త పరికరం నుంచి తెరిచేటప్పుడు, పాస్‌వర్డ్ మార్చేటప్పుడు కష్టంగా ఉండాలి. చాలామంది దీన్ని తలకిందులుగా పెట్టుకుంటారు.

మామూలు మెయిల్‌కీ దీనికీ లాగిన్‌లో తేడా ఏముంది? రెండిట్లోనూ కొట్టేది పాస్‌వర్డే కదా?

కొట్టేది పాస్‌వర్డే, కానీ అది చేసే పని వేరు. మామూలు మెయిల్‌లో పాస్‌వర్డ్ ఉన్నది "ఇది నేనే" అని చెప్పుకోడానికి మాత్రమే. ఉత్తరాలు కంపెనీ సర్వర్‌లో, కంపెనీ చదవగలిగే రూపంలోనే ఉంటాయి. మీరు మర్చిపోతే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిస్తారు, ఉత్తరాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ప్రైవేట్ మెయిల్‌లో ఆ పాస్‌వర్డే ఉత్తరాల తాళంచెవి కూడా. మీ మెయిల్‌ని విప్పే ప్రైవేట్ కీ సర్వర్‌లోనే ఉంటుంది గానీ, మీ పాస్‌వర్డ్ నుంచి పుట్టిన ఇంకో కీతో దాన్ని బిగించి ఉంచుతారు. పాస్‌వర్డ్ లేకపోతే అది కంపెనీ వాళ్ళకి కూడా తెరుచుకోదు.

ఒకే పాస్‌వర్డ్ రెండు పనులూ చెయ్యాలంటే ఒక చిక్కుంది. లాగిన్ కోసం దాన్ని సర్వర్‌కి పంపితే, తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టినట్టే. 2014లో ప్రోటాన్ మెయిల్ మొదలైన తొలినాళ్ళలో దీనికి రెండు పాస్‌వర్డ్‌లు ఉండేవి. ఒకటి లాగిన్‌కి, రెండోది ఉత్తరాలు విప్పడానికి. రెండోది మీ బ్రౌజర్ దాటి బయటికి పోయేది కాదు. భద్రంగానే ఉండేది, కానీ రెండూ గుర్తుపెట్టుకోవాలి. తర్వాత సెక్యూర్ రిమోట్ పాస్‌వర్డ్ అనే పద్ధతికి మారి ఒక్క పాస్‌వర్డ్‌తో సరిపెట్టారు. స్టాన్‌ఫర్డ్‌లో టామ్ వూ 1998లో ప్రచురించిన పద్ధతి అది. పాస్‌వర్డ్ మీకు తెలుసు అన్నదానికి లెక్కల్లో రుజువు వెళ్తుంది, పాస్‌వర్డ్ మాత్రం వెళ్ళదు. వాడేవాళ్ళకి ఒక బరువు తగ్గింది, భద్రత ఏమీ తగ్గలేదు. సులువు కోసం వచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పాత పద్ధతే కావాలనుకుంటే సెట్టింగుల్లో రెండు పాస్‌వర్డ్‌ల ఏర్పాటు ఇప్పటికీ ఉంది.

లాగిన్ సులువు చెయ్యడం వల్ల ఎవరైనా నిజంగా నష్టపోయారా?

పోయారు. హష్‌మెయిల్ కథ తెలియాలి. కెనడాలో 1999లో మొదలైన ఎన్‌క్రిప్షన్ మెయిల్ అది, అంటే ఉత్తరాల్ని తాళంచెవి లేకుండా చదవలేని రూపంలోకి మార్చేది. ఉత్తరం బిగించే పని, విప్పే పని మీ బ్రౌజర్‌లో నడిచే జావా యాప్లెట్ అనే చిన్న ప్రోగ్రామ్ చేసేది కాబట్టి మీ రహస్యవాక్యం సర్వర్‌కి చేరేది కాదు. కానీ జావా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, అది లోడయ్యేదాకా ఆగాలి. ఈ విసుగు లేకుండా, జావా అక్కర్లేని తేలిక లాగిన్ ఒకటి తర్వాత తెచ్చారు. అందులో విప్పే పని సర్వర్‌ది. అంటే మీరు లాగిన్ అయిన ఆ కాస్సేపు రహస్యవాక్యం సర్వర్ దగ్గర ఉంటుంది. 2007లో అమెరికాలో స్టెరాయిడ్ల కేసు ఒకటి నడిచినప్పుడు కోర్టు కాగితాల్లో విషయం బయటపడింది. కెనడా కోర్టు ఉత్తర్వు మీద హష్‌మెయిల్ కొన్ని ఖాతాల ఉత్తరాల్ని, మామూలుగా చదువుకోగలిగే రూపంలో, 12 సీడీల్లో నింపి ఇచ్చింది. ఆ కాస్సేపే సరిపోయింది.

కోర్టు ఉత్తర్వుని పాటించడం తప్పని నేననను. నన్ను కలవరపెట్టేది వేరే. రెండు రకాల లాగిన్‌లూ ఒకే ఇన్‌బాక్స్‌ని తెరిచేవి. లోపలికి వెళ్ళాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పోగొట్టుకున్నది కంటికి కనపడదు.

లావాబిట్ అనే అమెరికా మెయిల్ సర్వీసుది ఇంకో దారి. అక్కడ ఉత్తరాలు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉండేవి, కానీ లాగిన్‌లో పాస్‌వర్డ్ సర్వర్‌కే వెళ్ళేది. 2013లో అమెరికా ప్రభుత్వం ఆ వెబ్‌సైట్ కనెక్షన్‌ని కాపాడే కీని అడిగింది. అది చేతికొస్తే లాగిన్ అయ్యే ప్రతివాళ్ళ పాస్‌వర్డూ దారిలోనే చదవొచ్చు. యజమాని లేడార్ లెవిసన్ మొదట ఆ కీని 11 పేజీల మీద కంటికి ఆనని అక్షరాల్లో అచ్చేసి ఇచ్చాడు, చివరికి ఆగస్టు 8న సర్వీసునే మూసేశాడు. పాస్‌వర్డ్ అసలు సర్వర్‌కే వెళ్ళకపోతే ఆ కీతో పాస్‌వర్డ్‌లు దొరికేవి కావు.

కాబట్టి ఏ ప్రైవేట్ మెయిల్‌లో చేరే ముందైనా ఒక్క ప్రశ్న అడగండి: లాగిన్ అయ్యేటప్పుడు నా పాస్‌వర్డ్ నా పరికరం దాటుతుందా?

బ్రౌజర్‌లో తెరవడం మంచిదా, యాప్‌లోనా?

వీలుంటే యాప్. బ్రౌజర్‌లో తెరిచిన ప్రతిసారీ, పాస్‌వర్డ్ అడిగే ఆ పేజీ కోడ్ సర్వర్ నుంచి కొత్తగా వస్తుంది. ఒక్క మనిషికి మాత్రం వేరే కోడ్ పంపినా ఆ మనిషికి తెలియదు. యాప్ అయితే ఒకసారి ఇన్‌స్టాల్ చేసింది అప్‌డేట్ దాకా అదే ఉంటుంది, అందరికీ ఒకటే వస్తుంది.

పని అయిపోయిన ప్రతిసారీ లాగౌట్ అవ్వాలా?

మీ సొంత ఫోన్, సొంత కంప్యూటర్ అయితే అక్కర్లేదు. ఇలా చెప్తే కొంతమందికి కోపం వస్తుంది, కానీ ఆలోచించండి. రోజుకి నాలుగుసార్లు పాస్‌వర్డ్ కొట్టే మనిషికి ఆ పెట్టె ఎక్కడ కనిపించినా చెయ్యి దానంతట అదే కొట్టేస్తుంది. ఫిషింగ్ చేసేవాళ్ళకి, అంటే నకిలీ పేజీలతో పాస్‌వర్డ్ కాజేసేవాళ్ళకి, కావలసింది ఆ అలవాటే. నెలల తరబడి పాస్‌వర్డ్ అడగని మెయిల్ ఒకరోజు ఉన్నట్టుండి అడిగితే మనిషి ఆగి, పైన అడ్రస్ చూస్తాడు. పైగా రోజూ కొట్టాల్సి వస్తే జనం చిన్న పాస్‌వర్డ్ పెట్టుకుంటారు, అది అన్నిటికన్నా పెద్ద నష్టం.

దీనికీ ఒక ధర ఉంది. లాగిన్ అయి ఉన్న బ్రౌజర్‌లో సెషన్ కుకీ, అంటే మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని సైట్‌కి చెప్పే గుర్తు, ఉంటుంది. కంప్యూటర్‌లోకి దొంగ సాఫ్ట్‌వేర్ దూరితే ఆ కుకీని ఎత్తుకెళ్ళి, పాస్‌వర్డ్ లేకుండా, రెండో అంచె కోడ్ (పాస్‌వర్డ్ తర్వాత అడిగేది) కూడా లేకుండా లోపలికి రావచ్చు. అందుకే లాగిన్ అయి ఉండే పరికరానికి స్క్రీన్ లాక్, డిస్క్ ఎన్‌క్రిప్షన్ తప్పవు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, ఎవరు చేశారో తెలియని బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు అందులో ఉండకూడదు. సెట్టింగుల్లో సెషన్ల జాబితా ఉంటుంది. నెలకోసారి చూసి, గుర్తుపట్టలేనిది ఏదైనా ఉంటే అక్కడికక్కడే తీసెయ్యండి.

పదిమంది వాడే కంప్యూటర్లో అయితే లాగౌట్ అవ్వడం కాదు, లాగిన్ అవ్వడమే వద్దు.

పాస్‌వర్డ్ ఎంత పొడవుండాలి?

మామూలు మెయిల్ కంటే ఎక్కువే ఉండాలి. ఎందుకంటే సర్వర్‌లోని సరుకంతా దొంగలపాలైతే, మీ ఉత్తరాలకీ వాళ్ళకీ మధ్య మిగిలేది ఆ పాస్‌వర్డ్ ఒక్కటే. రెండో అంచె కోడ్ సర్వర్ ముందు తలుపుకి కాపలా. ఎత్తుకుపోయిన పెట్టెకి అది అడ్డురాదు. చాలామందికి తెలియని సంగతి ఇది, తెలిశాక పాస్‌వర్డ్ మార్చుకోనివాళ్ళని నేను చూడలేదు.

నేను పట్టుకున్న పద్ధతి డైస్‌వేర్. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ పెట్టింది. ఒక పాచిక అయిదుసార్లు వెయ్యాలి. 4, 2, 6, 1, 3 పడ్డాయనుకోండి, జాబితాలో 42613 ఎదురుగా ఉన్న మాట రాసుకోవాలి. జాబితాలో 7776 మాటలుంటాయి కాబట్టి ఒక్కో మాటకీ దాదాపు 12.9 బిట్ల బలం (ఒక్కో బిట్‌కీ దొంగ ఊహించాల్సినవి రెట్టింపవుతాయి), ఆరు మాటలకి 77 దాకా వస్తుంది. మాటని మీరు ఎంచుకోకూడదు, పాచికే ఎంచాలి. మనసుకి తట్టే మాటలు దొంగల జాబితాల్లో కూడా ఉంటాయి. అంత పొడుగుది రెండు వారాల్లో నోటికి వచ్చేస్తుంది. అప్పటిదాకా కాగితం మీద ఉంచుకోవడంలో తప్పులేదు.

దీన్ని మూడు నెలలకోసారి మార్చక్కర్లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా, బయటపడిందన్న ఆధారం లేకుండా గడువు పెట్టి మార్పించొద్దని 2017లోనే చెప్పింది.

పాస్‌వర్డ్ తెలుగు లిపిలో పెట్టుకోవచ్చా?

నేనైతే వద్దంటాను, భాష మీద ప్రేమ ఉన్నా సరే. పాస్‌వర్డ్‌ని గుర్తుపట్టలేని రూపంలోకి మార్చి దాచే బీక్రిప్ట్ అనే హ్యాషింగ్ పద్ధతి 72 బైట్ల తర్వాత వచ్చేదాన్ని పట్టించుకోదు. కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ (అక్షరంలోని ముక్క) ఒక్కోటి 3 బైట్లు. "క్షే" అని రాస్తే మీకు ఒక అక్షరం, కంప్యూటర్‌కి క, పొల్లు, ష, ఏత్వం కలిసి 12 బైట్లు. అలా 24 ముక్కలకే 72 అయిపోతుంది. దానికన్నా పెద్ద కష్టం ఇంకోటుంది: కొత్త పరికరంలో, లాగిన్ తెర దగ్గర, తెలుగు కీబోర్డ్ ఉండకపోవచ్చు. తెలుగు మాటల్నే రోమన్ అక్షరాల్లో రాసుకోండి. దీర్ఘానికి రెండు అక్షరాలా ఒకటా అన్నది మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండాలి.

రెండో అంచెకి ఏది పెట్టుకోవాలి? ఎస్‌ఎమ్‌ఎస్, యాప్, సెక్యూరిటీ కీ?

ఎస్‌ఎమ్‌ఎస్ అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా బలహీనం. మీ నంబర్‌ని ఇంకో సిమ్ మీదికి మార్పించుకున్నవాడికి మీ కోడ్‌లన్నీ పోతాయి. 2018లో రెడిట్ ఉద్యోగుల ఖాతాల్లోకి దొంగలు చొరబడింది ఎస్‌ఎమ్‌ఎస్ కోడ్‌ల్ని దారిలో పట్టుకునే. ప్రైవేట్ మెయిల్‌కి ఇంకో ఇబ్బంది కూడా ఉంది: పేరు బయటపెట్టకూడదని వచ్చి, ఫోన్ నంబర్ ఇచ్చి పేరు చెప్పుకున్నట్టవుతుంది.

అథెంటికేటర్ యాప్ మంచి నడిమి దారి. 30 సెకన్లకోసారి మారే 6 అంకెలు, నెట్ లేకపోయినా వస్తాయి, ఏ నంబరూ ఇవ్వక్కర్లేదు. దీని లోపం ఒక్కటే. నకిలీ పేజీలో మీరే ఆ అంకెలు కొడితే, అవతలివాడు 30 సెకన్లలోపు అసలు పేజీలో కొట్టేస్తాడు.

సెక్యూరిటీ కీ, అంటే కంప్యూటర్‌కో ఫోన్‌కో తగిలించే చిన్న పరికరం, ఆ లోపాన్ని కూడా మూస్తుంది. అది సైట్ అడ్రస్‌ని తానే చూసుకుంటుంది. ఒక్క అక్షరం తేడా ఉన్న నకిలీ అడ్రస్‌కి అది జవాబే ఇవ్వదు. కళ్ళు మోసపోయినా కీ మోసపోదు. 2022 జులైలో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఉద్యోగులకి నకిలీ లాగిన్ లింకులతో మెసేజ్‌లు వచ్చినప్పుడు ముగ్గురు నిజంగానే పాస్‌వర్డ్ కొట్టేశారు. అయినా దొంగలు లోపలికి రాలేకపోయారు, ఎందుకంటే ఆ కంపెనీలో లాగిన్‌కి కీ కావాలి. అదే దొంగల చేతిలో ట్విలియో అనే ఇంకో కంపెనీ దెబ్బతింది. పని చెయ్యడం కూడా కీతోనే తేలిక: తాకితే చాలు, అంకెలు కొట్టే పనిలేదు. సులువూ భద్రతా ఒకే వైపు నిలబడే చోటు ఇది. కొనేటప్పుడు రెండు కొనండి, రెండిటినీ అదే రోజు నమోదు చెయ్యండి. ఒక్కటే ఉంటే అది పోయిన రోజు మీరే బయట ఉంటారు.

పాస్‌కీలు వచ్చాక పాస్‌వర్డ్ గొడవే ఉండదంటున్నారు. ప్రైవేట్ మెయిల్‌కీ అంతేనా?

ఇక్కడ కథ కొంచెం తిరుగుతుంది. యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ 2022 మేలో కలిసి ప్రకటించాక పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు మీ పరికరంలో దాగి ఉండే కీలు) మామూలు సైట్లలో త్వరగానే పాకాయి. వేలిముద్ర వేస్తే లోపల ఉన్న కీ ఒక సంతకం చేస్తుంది, సైట్ "మీరే" అని ఒప్పుకుంటుంది. మామూలు మెయిల్‌కి అంతకన్నా ఏం కావాలి? కానీ ప్రైవేట్ మెయిల్‌లో లోపలికి వెళ్ళడం సగం పనే, ఉత్తరాలు విప్పాలి కదా. సంతకం ప్రతిసారీ మారుతుంది. మారేదానితో తాళం బిగించలేం, విప్పలేం.

దీనికి పీఆర్ఎఫ్ అనే పొడిగింపు ఉంది. దాంతో పాస్‌కీ ప్రతిసారీ ఒకే రహస్య సంఖ్యని ఇవ్వగలదు, ఆ సంఖ్యతో ఎన్‌క్రిప్షన్ కీని బిగించొచ్చు. బ్రౌజర్, ఫోన్, పాస్‌కీ దాచే యాప్ అన్నీ దాన్ని ఒప్పుకుంటేనే అది నడుస్తుంది. కాబట్టి ఒక ప్రైవేట్ మెయిల్ "పాస్‌కీతో లాగిన్" అన్నప్పుడు, ఉత్తరాలు విప్పే కీ ఎక్కడినుంచి వస్తోందో కూడా చూడండి. ఇంకోటి: పాస్‌కీ తొలగిస్తే ఉత్తరాలు కూడా పోయే ఏర్పాటు అయితే, వేరే దారి ఒకటి కచ్చితంగా ఉంచుకోవాలి.

పాస్‌వర్డ్ మర్చిపోతే ఉత్తరాలన్నీ పోయినట్టేనా?

మా వదినకి జరిగింది చెప్తాను. పాస్‌వర్డ్ గుర్తురాక రీసెట్ నొక్కింది, రికవరీ మెయిల్‌కి కోడ్ వచ్చింది, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంది. ఇన్‌బాక్స్ తెరుచుకుంది. పంపినవాళ్ళ పేర్లు, తేదీలు, సబ్జెక్టులు, అన్నీ వరసగా ఉన్నాయి. "హమ్మయ్య" అనుకుంది. వాళ్ళ నాన్న ఆఖరి ఏడాది రాసిన మెయిల్ ఒకటి నొక్కింది. సబ్జెక్ట్ అదే ఉంది. కింద ఉత్తరం ఉండాల్సిన చోట "బిగిన్ పీజీపీ మెసేజ్" (పీజీపీ అంటే ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి) అని ఒక గీత, దాని కింద పేజీ నిండా అర్థంలేని అక్షరాలు. ఇంకోటి నొక్కింది, అదీ అంతే. ఆ రీసెట్‌తో కొత్త కీ పుట్టింది. పాతవన్నీ పాత కీతోనే బిగించి ఉన్నాయి. పాత పాస్‌వర్డ్ గుర్తొస్తే పాత కీని మళ్ళీ తెరుచుకునే చోటు సెట్టింగుల్లో ఉంది. ఆ సాయంత్రమంతా తను కాగితం మీద రాసి కొట్టేస్తూ ప్రయత్నించింది. రాలేదు. పాస్‌వర్డ్ పోతే ఉత్తరాల్ని తిరిగి తెరిచే రికవరీ మాటలు రాసుకోమని పైన ఒక పట్టీ నెలల తరబడి కనిపించిందట, పక్కన గుర్తు నొక్కి మూసేస్తూ వచ్చిందట.

కాబట్టి జవాబు: రికవరీ కోడ్ రాసుకుని ఉంటే పోవు, లేకపోతే పోయినట్టే. ప్రోటాన్ 12 మాటల వరస ఇస్తుంది. టూటా 64 అక్షరాల కోడ్ ఇస్తుంది. కంపెనీ వాళ్ళకి ఎంత బతిమాలి రాసినా లాభం లేదు, వాళ్ళ దగ్గర నిజంగానే ఉండదు. అదే ఆ సర్వీసు మీకిచ్చిన మాట.

రాసుకోవడం కాగితం మీద, చేత్తో, రెండు ప్రతులు, రెండు వేరు చోట్ల. స్క్రీన్‌షాట్ తీస్తే అది గ్యాలరీలోంచి క్లౌడ్‌కి తనంతట తనే వెళ్ళిపోతుంది. డ్రాఫ్ట్‌గా అదే మెయిల్లో దాచుకోవడమంటే బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి మూసినట్టు. రాసుకున్న కోడ్‌ని ఒకసారి మళ్ళీ చదివి సరిచూసుకోండి. 64 అక్షరాల్లో ఒకటి తప్పినా పనికిరాదు.

రికవరీ మెయిల్‌గా నా పాత మెయిల్ ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, కానీ అప్పటినుంచి మీ కొత్త మెయిల్ భద్రత పాత మెయిల్ భద్రతకి మించదు. 2012 ఆగస్టులో మ్యాట్ హోనన్ అనే టెక్నాలజీ విలేకరికి ఏమైందంటే, దొంగలు ముందు అమెజాన్ నుంచి కార్డు చివరి నాలుగంకెలు రాబట్టారు, అవి చెప్పి ఫోన్లో యాపిల్ సపోర్ట్‌ని నమ్మించి ఆ ఖాతా పట్టారు. ఆయన జీమెయిల్‌కి రికవరీ అడ్రస్ ఆ యాపిల్ మెయిలే. ఇంకేముంది, జీమెయిల్ పోయింది, ట్విట్టర్ పోయింది, ఫోన్, ట్యాబ్లెట్, ల్యాప్‌టాప్ దూరం నుంచే తుడిచేశారు. ఆ ల్యాప్‌టాప్‌లో కూతురి ఫొటోలున్నాయి. ఏ పాస్‌వర్డునీ ఎవరూ ఊహించలేదు, గొలుసు మాత్రం లాగారు.

ప్రైవేట్ మెయిల్‌లో రికవరీ మెయిల్‌తో వచ్చినవాడు పాత ఉత్తరాలు చదవలేకపోవచ్చు. కానీ ఆ క్షణం నుంచి కొత్తగా వచ్చేవన్నీ వాడివే, మిగతా సైట్ల రీసెట్ లింకులతో సహా. రికవరీ కోడ్ కాగితం మీద భద్రంగా ఉన్నవాళ్ళు రికవరీ మెయిల్ తీసెయ్యడమే మేలని నా లెక్క. ఉంచుకోవాలంటే ఆ పాత మెయిల్‌కి కూడా సెక్యూరిటీ కీ పెట్టండి.

థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రామ్‌లలో వాడుకోవచ్చా?

సర్వీసుని బట్టి. ప్రోటాన్‌కి బ్రిడ్జ్ అనే ప్రోగ్రామ్ ఉంది, విప్పే పని మీ కంప్యూటర్లోనే చేసి థండర్‌బర్డ్‌కి అందిస్తుంది. అది డబ్బు కట్టే ప్లాన్లకే. టూటా ఐమ్యాప్ (బయటి ప్రోగ్రామ్‌లకి మెయిల్ అందించే పద్ధతి) ఇవ్వదు, వాళ్ళ యాపే వాడాలి. కొన్ని సర్వీసులు అలాంటి ప్రోగ్రామ్‌ల కోసం విడిగా "యాప్ పాస్‌వర్డ్" ఇస్తాయి. దానికి రెండో అంచె ఉండదని మర్చిపోవద్దు. ముందు తలుపుకి మూడు తాళాలేసి, పక్క తలుపు గొళ్ళెంతో వదిలినట్టవుతుంది. వాడనివాటిని రద్దు చెయ్యండి.

మెయిల్ పాస్‌వర్డ్‌ని పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టాలా, గుర్తుంచుకోవాలా?

మిగతావన్నీ మేనేజర్‌లోకి, అంటే పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే యాప్‌లోకి. మెయిల్‌దీ, మేనేజర్‌దీ మాత్రం బుర్రలో ఉండాలి, కాగితం మీద ఉండాలి. మెయిల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉండి, మేనేజర్‌కి కొత్త పరికరంలో లాగిన్ అవ్వాలంటే కోడ్ మెయిల్‌కి వచ్చేలా ఉంటే, ఫోన్ పోయిన రోజు ఒకదాని ముందు ఒకటి తలుపేసుకుని నిలబడతాయి. అథెంటికేటర్ కోడ్‌లు కూడా ఆ ఫోన్లోనే ఉంటే చెప్పక్కర్లేదు. ఒక కాగితం తీసుకుని ఏ ఖాతా తెరవడానికి ఏది కావాలో బాణాలు గీయండి. ఎక్కడైనా బాణం చుట్టూ తిరిగి మొదటికే వస్తే, అక్కడ కోడ్‌ని బయట రాసిపెట్టుకోవాలి.

యాప్‌కి వేలిముద్ర లాక్ పెడితే సరిపోతుందా?

బల్ల మీద వదిలిన ఫోన్‌ని ఎవరైనా తీసి చూడకుండా సరిపోతుంది. సర్వర్ వైపునుంచి వచ్చేవాణ్ణి అది ఆపదు. వేలిని బలవంతంగా పెట్టించగలరన్న భయం ఉన్నవాళ్ళు పిన్ వాడాలి.

ఎప్పుడో గానీ వాడని ఖాతా ఉంది. అలాగే వదిలేస్తే?

పోతుంది. ఉచిత ఖాతాల్ని టూటా 6 నెలలు, ప్రోటాన్ 12 నెలలు లాగిన్ లేకపోతే తీసెయ్యొచ్చు. నేను క్యాలెండర్‌లో నాలుగు నెలలకోసారి గుర్తుచేసేలా పెట్టుకున్నాను. ఆ రోజు యాప్‌లో కాకుండా, కొత్త బ్రౌజర్ విండోలో మొదటినుంచి లాగిన్ అవుతాను: పాస్‌వర్డ్ మొత్తం కొడతాను, రెండో కీని డ్రాయర్‌లోంచి తీసి దాంతోనే తెరుస్తాను, రికవరీ కాగితం ఉన్నచోటే ఉందా, సిరా వెలిసిందా అని చూస్తాను. పది నిమిషాల పని. పోయినసారి కాగితం మడత మీద రెండు అక్షరాలు చెరిగిపోతున్నాయి, అక్కడే కూర్చుని కొత్తది రాశాను.